యూనిట్ – 9 : ఆవిరి ఓడలో ఫిజీకి – మద్రాసు ఒప్పంద కూలీల సముద్రయానం (1903–1916)

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఫిజీకి కూలీలు ఎందుకు అవసరమయ్యారు?
9.3 ఊరి నుండి మద్రాసు డిపో వరకు
9.4 తెరచాప ఓడ నుండి ఆవిరి ఓడకు
9.5 ఓడపై జీవితం
9.6 నుకులావు దీవిలో దిగడం
9.7 ఆధారాలను చదవడం ఎలా?
9.8 బలవంతమా, సొంత నిర్ణయమా? – చరిత్రకారుల చర్చ
9.9 సారాంశం
9.10 కీలక పదాలు
9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
– మద్రాసు రేవు నుండి ఫిజీకి ఒప్పంద కూలీల వలస ఎలా మొదలై, ఎలా ముగిసిందో వివరించగలుగుతారు.
– ఆవిరి ఓడల రాకతో సముద్రయానంలో వచ్చిన మార్పులను, మారని అంశాలను వేరు చేసి చూపగలుగుతారు.
– ఓడపై కూలీల దినచర్యను వర్ణించగలుగుతారు.
– వలస పాసు వంటి ప్రభుత్వ పత్రాన్ని చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

9.1 పరిచయం

గత యూనిట్‌లో బానిసత్వ రద్దు తరువాత బ్రిటిష్ వలస రాజ్యాలలోని చెరకు తోటలకు భారతీయ కూలీలను తరలించిన విధానాన్ని మీరు చదివారు. మారిషస్, ట్రినిడాడ్, బ్రిటిష్ గయానా, నేటాల్, ఫిజీ వంటి ప్రాంతాలకు లక్షల మంది ఐదేళ్ల ఒప్పందంపై వెళ్లారు. ఆ యూనిట్‌లో చట్టాలను, గణాంకాలను ఎక్కువగా పరిశీలించాం. ఈ యూనిట్‌లో అదే చరిత్రను మరొక చోటు నుండి, అంటే ఓడ లోపలి నుండి చూద్దాం.

సముద్రయానాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేయవలసిన అవసరం ఏమిటి? ఊళ్లో ఉన్నప్పుడు ఒక మనిషికి ఇంటిపేరు, కులం, వృత్తి, చుట్టరికాలు ఉంటాయి. తోటలో దిగేనాటికి అతడు ఒక సంఖ్యగా మారతాడు. ఈ రెండు స్థితుల మధ్య ఉన్నది ఓడ. మనిషి కూలీగా మారే క్రమం ఎక్కువగా డిపోలోను, ఓడపైనా జరిగింది. కాబట్టి ఆ కొన్ని వారాలను అర్థం చేసుకోకుండా తరువాతి ఐదేళ్లను అర్థం చేసుకోలేం.

9.2 ఫిజీకి కూలీలు ఎందుకు అవసరమయ్యారు?

పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవులు 1874లో బ్రిటిష్ వలస రాజ్యమయ్యాయి. దాని గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్ ముందు రెండు సమస్యలున్నాయి. వలస రాజ్య నిర్వహణకు ఆదాయం కావాలి. అదే సమయంలో స్థానిక ఫిజీ ప్రజలను వారి గ్రామాల నుండి తోటలకు తరలిస్తే వారి సమాజం చెదిరిపోతుందని ఆయన భావించాడు. అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్‌లలో గవర్నరుగా పనిచేసిన గోర్డన్‌కు భారతీయ ఒప్పంద కూలీల విధానం బాగా తెలుసు. అదే విధానాన్ని ఫిజీకి తెచ్చాడు. 1880లలో ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ అక్కడ చక్కెర మిల్లులు స్థాపించడంతో కూలీల గిరాకీ బాగా పెరిగింది.

మొదటి ఓడ 'లియోనిడాస్' 1879 మే 14న కలకత్తా నుండి ఫిజీ చేరింది. ప్రయాణంలోనే దానిలో కలరా, మశూచి వ్యాపించాయి. మొదటి ఇరవై నాలుగేళ్లూ కూలీలందరినీ కలకత్తా నుండే పంపారు. ఉత్తర భారతంలో నియామకం కష్టమవుతున్న కొద్దీ 1903 నుండి మద్రాసు రేవు నుండి కూడా పంపడం మొదలైంది. తెలుగువారు ఫిజీ చరిత్రలో ప్రవేశించింది ప్రధానంగా ఈ దశలోనే.

మొత్తం వలసను ఈ కింది అంకెలు చూపుతాయి:

– 1879–1916 మధ్య ఫిజీకి కూలీలను తెచ్చిన ఓడలు: 42
– అవి చేసిన ప్రయాణాలు: 87
– భారతదేశంలో ఓడ ఎక్కినవారు: 60,965
– ఫిజీ చేరినవారు (ఓడపై పుట్టిన పిల్లలతో కలిపి): 60,553
– వీరిలో కలకత్తా నుండి వచ్చినవారు: 45,439
– మద్రాసు నుండి వచ్చినవారు: 15,114

మద్రాసు నుండి వెళ్లినవారు మొత్తంలో నాలుగో వంతు. కానీ వారంతా చివరి పద్నాలుగేళ్లలోనే వెళ్లారని గుర్తుంచుకోండి.

9.3 ఊరి నుండి మద్రాసు డిపో వరకు

మద్రాసు ప్రెసిడెన్సీ నుండి ఫిజీ వెళ్లినవారిలో ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, తంజావూరు, మలబారు మొదలైన జిల్లాల వారున్నారు. అప్పటి ఉత్తర ఆర్కాటులో నేటి చిత్తూరు ప్రాంతం ఎక్కువ భాగం కలిసి ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది.

తెలుగు కోస్తా వారికి సముద్రం కొత్తది కాదు. కోరంగి, కాకినాడ, భీమునిపట్నం రేవుల నుండి రంగూన్‌కు రాకపోకలు అప్పటికే సాగుతుండేవి. రంగూన్‌కు ప్రయాణం కొద్ది రోజులే. పంట పనుల మధ్య వెళ్లి, డబ్బు సంపాదించి తిరిగి రావచ్చు. ఫిజీ అలాంటిది కాదు. అది ఎంత దూరమో, అక్కడికి వెళితే ఎప్పుడు తిరిగి రావచ్చో రిక్రూటరు మాట తప్ప కూలీకి మరొక ఆధారం లేదు. మీరు ఈ తేడాను గమనించాలి. సముద్రం దాటడం కంటే, తిరుగుదారి తన చేతిలో లేకపోవడమే ఒప్పంద వలసలోని అసలు విషయం.

రైలు మార్గాలు ఈ వలసకు తోడ్పడ్డాయి. 1899లో బెజవాడ – మద్రాసు రైలు మార్గం పూర్తయింది. 1900లో గోదావరిపై రాజమండ్రి వద్ద హేవలాక్ వంతెన ప్రారంభమైంది. దీనితో ఉత్తర కోస్తా నుండి మద్రాసుకు నేరుగా రైలులో చేరడం సాధ్యమైంది.

రిక్రూటరు తీసుకువచ్చిన వ్యక్తిని ముందు జిల్లాలోని నమోదు అధికారి ముందు నిలబెట్టేవారు. ఒప్పందంలోని షరతులు అర్థమయ్యాయా, ఇష్టపూర్వకంగానే వెళుతున్నావా అని అడిగి నమోదు చేసేవారు. తరువాత మద్రాసు డిపోకు పంపేవారు. అక్కడ వైద్య పరీక్ష జరిగేది. ఓడ సిద్ధమయ్యేవరకు డిపోలోనే ఉండాలి. 1883 నాటి వలస చట్టం ప్రకారం 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్', అంటే వలసదారుల సంరక్షకుడు అనే అధికారి ప్రతి కూలీ పాసుపైనా సంతకం చేయాలి.

ఒప్పందంలోని ముఖ్యమైన షరతులు ఇవి:
(అ) తోటలో ఐదేళ్లు పనిచేయాలి.
(ఆ) వారంలో ఐదు రోజులు రోజుకు తొమ్మిది గంటలు, శనివారం ఐదు గంటలు పని.
(ఇ) రోజు కూలి పురుషునికి ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు.
(ఈ) ఐదేళ్ల తరువాత సొంత ఖర్చుతో తిరిగి రావచ్చు. పదేళ్లు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం.

అయితే ఈ పత్రంలో లేని విషయం మరింత ముఖ్యమైనది. పనికి రాకపోయినా, అప్పగించిన పని పూర్తిచేయకపోయినా ఫిజీ చట్టం ప్రకారం అది నేరం. జరిమానా గాని, జైలు గాని పడవచ్చు. ఈ సంగతి ఒప్పంద పత్రంలో లేదు. ఈ లోపాన్ని తరువాత సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్‌లు తమ నివేదికలో ఎత్తి చూపారు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
గమనిక: మీ సమాధానాలను నోటు పుస్తకంలో రాసి, పై భాగంతో పోల్చి చూసుకోండి.
1. సర్ ఆర్థర్ గోర్డన్ భారతీయ కూలీలను ఎందుకు కోరుకున్నాడు?
2. రంగూన్ వలసకు, ఫిజీ వలసకు ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
3. స్త్రీ కూలి పురుషుని కూలిలో ఎన్నో వంతు? (ఒక షిల్లింగుకు 12 పెన్నీలు.)

9.4 తెరచాప ఓడ నుండి ఆవిరి ఓడకు

తొలి సంవత్సరాలలో కూలీలను చాలావరకు తెరచాప ఓడలలోనే తరలించారు. తెరచాప ఓడ గాలిని బట్టి నడుస్తుంది. బలమైన పడమటి గాలుల కోసం అది దక్షిణాన చలి సముద్రాల వరకు వెళ్లి, ఆస్ట్రేలియా కిందుగా చుట్టి ఫిజీ చేరేది. సగటున ఈ ప్రయాణానికి 73 రోజులు పట్టేది. 1884 మే 11న 'సిరియా' అనే తెరచాప ఓడ ఫిజీ తీరాన నసిలాయ్ పగడపు దిబ్బకు తగిలి పగిలిపోయింది. దాదాపు అరవై మంది చనిపోయారు. గమ్యం కనుచూపు మేరలో ఉండగా జరిగిన ఈ ప్రమాదం ఫిజీ భారతీయుల జ్ఞాపకాలలో ఇప్పటికీ నిలిచి ఉంది.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఆవిరి ఓడలు తెరచాప ఓడల స్థానాన్ని పూర్తిగా ఆక్రమించాయి. ఆవిరి ఓడకు గాలితో పనిలేదు కాబట్టి దగ్గరి దారి పట్టగలదు. ప్రయాణ కాలం సగటున 30 రోజులకు తగ్గింది. ఈ రవాణాను నౌర్స్ లైన్, బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అనే రెండు సంస్థలు నిర్వహించాయి. నౌర్స్ సంస్థ తన ఓడలకు నదుల పేర్లు పెట్టేది. గాంజెస్, ఇండస్, సట్లెజ్, చీనాబ్ అనేవి అలాంటివే. స్వదేశపు నదుల పేర్లున్న ఓడలపైనే ఈ కూలీలు స్వదేశాన్ని వదిలి వెళ్లారు.

ప్రయాణం తగ్గడం వల్ల కలిగిన లాభాలు స్పష్టమైనవే. నీరు, ఆహారం చెడిపోయే అవకాశం తగ్గింది. అంటువ్యాధి సోకినా వ్యాపించడానికి దొరికే రోజులు తగ్గాయి. చలి సముద్రాల బాధ తప్పింది. అయితే ఒక ఓడలో వందల మందిని తరలించే పద్ధతి మారలేదు. 60,965 మందిని 87 ప్రయాణాలతో భాగించి చూడండి. సగటున ఒక్కో ప్రయాణంలో 700 మంది అని తేలుతుంది. డెక్కు కింద గాలి ఆడని అంతస్తు, దానికి తోడు యంత్రాల వేడి, పొగ, రాత్రింబవళ్లు ఆగని చప్పుడు ఆవిరి ఓడతో వచ్చిన కొత్త అనుభవాలు.

9.5 ఓడపై జీవితం

ఓడ ఎక్కేముందు ప్రతి కూలీకి ఒక సంఖ్య ఉన్న రేకు బిళ్ల, బట్టలు, కంబళి, రేకు కంచం, లోటా ఇచ్చేవారు. అంతవరకు పేరుతో పిలిపించుకున్న మనిషిని ఇకపై హాజరు పట్టీలో సంఖ్యతో గుర్తిస్తారు.

పడక ఏర్పాటు: డెక్కుల మధ్య ఉండే అంతస్తులో కూలీలు పడుకునేవారు. ఒంటరి పురుషులకు ఓడ ముందుభాగం, దంపతులకు, పిల్లలకు మధ్యభాగం, ఒంటరి స్త్రీలకు వెనుకభాగం కేటాయించేవారు. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలని నియమం. ఈ నిష్పత్తి తోటలలో కుటుంబ జీవనాన్ని ఎంత కష్టతరం చేసిందో 9.6లో చూస్తారు.

ఓడపై అధికార క్రమం: నావికుల పనులన్నీ కెప్టెను చేతిలో ఉండేవి. కూలీల బాధ్యత సర్జన్ – సూపరింటెండెంట్ అనే వైద్యాధికారిది. సజీవంగా ఫిజీలో దిగిన ఒక్కో కూలీకి ఇంత అని ఇతడికి రుసుము ముట్టేది. దీనివల్ల కూలీల ప్రాణాలు కాపాడడంలో అతడికి ఆసక్తి ఉండేది. కానీ మనిషి ప్రాణానికి లెక్కగట్టిన విధానం కూడా ఇదే. వైద్యాధికారి కింద కంపౌండరు, కూలీల నుండే ఎంపికైన సర్దార్లు, వంట చేసే భండారీలు, పాకీ పని చేసే టోపాజ్‌లు ఉండేవారు. ఓడ నడిపే కింది స్థాయి నావికులలో లస్కర్లు అనే భారతీయులు చాలామంది ఉండేవారు.

ఆహారం: బియ్యం, పప్పు, గోధుమపిండి, నెయ్యి, నూనె, చింతపండు, పసుపు, మిరపకాయలు, ఉప్పు, ఎండుచేపలు, బంగాళదుంపలు, గుమ్మడికాయలు దినుసుల జాబితాలో ఉండేవి. తుఫాను వేళ పొయ్యి వెలిగించడం కుదరనప్పుడు అటుకులు, బిస్కట్లు వంటి పొడి తిండి ఇచ్చేవారు. జాబితా చూస్తే తిండికి లోటు లేదనిపిస్తుంది. అయితే మొదటి రోజుల్లో చాలామందికి సముద్రపు వికారం వల్ల ముద్ద దిగేది కాదు. పైగా వందల మందికి ఒకేచోట వండిన అన్నం అది. ఎవరు వండారు, ఎవరి పక్కన కూర్చుని తింటున్నాం అనే ప్రశ్నలకు ఓడలో చోటు లేదు. ఊళ్లో తరతరాలుగా పాటించిన పంక్తి భేదాలు వారం తిరగకముందే నిలబడలేకపోయాయి. కొందరికి ఇది పెద్ద నష్టంగా, మరికొందరికి మొదటిసారి లభించిన సమానత్వంగా తోచి ఉండవచ్చు. చరిత్ర విద్యార్థిగా మీరు ఈ రెండు కోణాలనూ చూడాలి.

దినచర్య: ఉదయం అందరినీ పైడెక్కుకు పంపి కింది అంతస్తును కడిగి శుభ్రం చేసేవారు. వైద్యాధికారి తనిఖీ ఉండేది. సాయంత్రాలు పాటలు, డోలు వాయిద్యాలు, కుస్తీలు సాగేవి. కూలీలు దిగులుతో కుంగిపోతే జబ్బు పడతారని అధికారులు కూడా వీటిని ప్రోత్సహించేవారు. ఎవరైనా చనిపోతే శవాన్ని సముద్రంలోకి వదిలేవారు. దహనం లేదు, సమాధి లేదు, అస్థికలు తెచ్చుకునే వీలు లేదు. బిడ్డ పుడితే ఆ పేరు కూడా ఓడ రికార్డులో చేరేది.

జహాజీ బంధం: ఓడను హిందీలో జహాజ్ అంటారు. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు 'జహాజీ భాయ్', అంటే ఓడ సోదరుడు అని పిలుచుకున్నారు. ఫిజీలో ఈ బంధం రక్తసంబంధంతో సమానంగా నిలిచింది. చుట్టాలు లేనిచోట కష్టసుఖాలకు, పెళ్లి సంబంధాలకు జహాజీ కుటుంబమే ముందుకు వచ్చేది. తెలుగు, తమిళం, మలయాళం మాట్లాడేవారు భోజ్‌పురీ, అవధీ మాట్లాడేవారితో కలిసి బతికే క్రమంలో అందరికీ ఉమ్మడి భాషగా ఫిజీ హిందీ రూపుదిద్దుకుంది. 'అగ్రిమెంట్' అనే ఆంగ్ల పదం కూలీల నోట 'గిర్మిట్' అయింది. ఒప్పంద కూలీ 'గిర్మిటియా' అయ్యాడు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
1. ఆవిరి ఓడ వల్ల ప్రయాణ కాలం ఎన్ని రోజులు తగ్గింది? దాని ఫలితాలు రెండు రాయండి.
2. సర్జన్ – సూపరింటెండెంట్‌కు రుసుము చెల్లించే పద్ధతిని వ్యాఖ్యానించండి.
3. 'జహాజీ భాయ్' అంటే ఎవరు?

9.6 నుకులావు దీవిలో దిగడం

ఓడ ఫిజీ చేరగానే కూలీలను రాజధాని సువా సమీపంలోని నుకులావు అనే చిన్న దీవిలోని డిపోలో దించేవారు. అంటువ్యాధులు లేవని తేలేవరకు అక్కడ ఉంచి, వైద్య పరీక్ష జరిపి, తోటలకు పంచేవారు. ఏ తోటకు వెళ్లాలో ఎంచుకునే హక్కు కూలీకి లేదు. ఓడలో ఏర్పడిన స్నేహాలు ఇక్కడ చెదిరిపోయేవి. ఒకే ఊరివారైనా వేర్వేరు దీవులలోని తోటలకు చేరవచ్చు.

తోటలలో కూలీలు నివసించే ఇరుకైన గదుల వరుసలను 'లైన్లు' అనేవారు. స్త్రీల సంఖ్య తక్కువ కావడం, ఏకాంతం లేకపోవడం, పని ఒత్తిడి, శిక్షలు కలిసి కుటుంబ జీవనాన్ని దెబ్బతీశాయి. ఫిజీలో ఆత్మహత్యల సంఖ్య ఆందోళనకరంగా ఉండేది. 1915లో ఆండ్రూస్, పియర్సన్ ఫిజీని సందర్శించి 1916లో ప్రచురించిన నివేదిక భారతదేశంలో పెద్ద చర్చ లేపింది. అదే ఏడాది మార్చిలో ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో మదన్ మోహన్ మాలవీయ ఒప్పంద కూలీ విధానం రద్దు కోరుతూ తీర్మానం ప్రవేశపెట్టారు. వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ దాన్ని అంగీకరించాడు. చివరి ఓడ 'సట్లెజ్' 1916 నవంబర్ 11న ఫిజీ చేరింది. 1917లో నియామకాలు ఆగిపోయాయి. మిగిలిన ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి.

9.7 ఆధారాలను చదవడం ఎలా?

ఈ ప్రయాణికులలో అత్యధికులు నిరక్షరాస్యులు. తమ అనుభవాన్ని రాసుకున్నవారు బహు కొద్దిమంది. 1893లో ఫిజీ వెళ్లి, తిరిగి వచ్చి, తన ఇరవై ఒక్క ఏళ్ల అనుభవాన్ని హిందీలో వెల్లడించిన తోతారామ్ సనాఢ్య వారిలో ప్రముఖుడు. మిగిలినవారి గురించి మనకు దొరికేది ఎక్కువగా ప్రభుత్వ పత్రాలే. వాటిలో ప్రధానమైనది వలస పాసు. ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఈ పాసులు భద్రంగా ఉన్నాయి.

పాసులో ఓడ పేరు, సంఖ్య, వ్యక్తి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, దగ్గరి బంధువు, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, శరీరంపై గుర్తులు అనే గడులుండేవి. ఈ గడులను శ్రద్ధగా గమనించండి. పుట్టుమచ్చకు, గాయపు మచ్చకు గడి ఉంది. ఇంటిపేరుకు లేదు. తెలుగువారికి ఇంటిపేరే వంశాన్ని చెబుతుంది. గుమస్తా విన్నట్టు ఆంగ్లంలో రాసిన వ్యక్తి పేరే చాలా కుటుంబాలలో తరువాతి తరాలకు ఇంటిపేరు అయింది. ఒక్క గడి లేకపోవడం వల్ల ఎన్నో కుటుంబాలకు పాత వంశనామం తెగిపోయింది. అయినా ఈనాడు తమ పూర్వీకుల ఊరిని వెతికే వారసులకు అదే పాసులోని జిల్లా, ఠాణా, ఊరు గడులు దారి చూపుతున్నాయి. కూలీని గుర్తుపట్టి పనికి అప్పగించడానికి తయారైన కాగితం, నాలుగు తరాల తరువాత మనవడిని ఊరికి చేర్చే కాగితమైంది.

అంకెలను కూడా ఇలాగే ప్రశ్నించాలి. 9.2లోని సంఖ్యలను మళ్లీ చూడండి. ఎక్కినవారు 60,965, చేరినవారు 60,553. తేడా 412. ప్రయాణంలో 412 మంది మాత్రమే చనిపోయారని రాస్తే సరిపోతుందా? సరిపోదు. చేరినవారి సంఖ్యలో ఓడపై పుట్టిన పిల్లలు కూడా కలిసి ఉన్నారు. కాబట్టి ఓడ ఎక్కి గమ్యం చేరనివారు 412 కంటే ఎక్కువే. పుట్టుకలు మరణాలను కొంతవరకు కప్పేశాయి. ఒక అంకె ఏమి చెబుతోందో చూసినట్టే, ఏమి దాస్తోందో కూడా చూడడం చరిత్ర విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పాఠం.

9.8 బలవంతమా, సొంత నిర్ణయమా? – చరిత్రకారుల చర్చ

బ్రిటిష్ చరిత్రకారుడు హ్యూ టింకర్ 1974లో ప్రచురించిన గ్రంథంలో ఒప్పంద కూలీ విధానాన్ని కొత్త రకం బానిసత్వంగా వర్ణించాడు. మోసపూరిత నియామకం, నేర శిక్షలు, తిరిగి రాలేని దూరం ఆయన వాదానికి ఆధారాలు. ఫిజీలో గిర్మిటియా కుటుంబంలో పుట్టిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్, ఉత్తర భారతం నుండి వచ్చినవారి పాసులను పెద్ద ఎత్తున పరిశీలించి 1983లో మరొక చిత్రాన్ని ముందుంచాడు. చాలామంది రిక్రూటరును కలిసేనాటికే పని కోసం ఊరు వదిలి తిరుగుతున్నారని, వారిని కేవలం మోసపోయిన అమాయకులుగా చూడకూడదని ఆయన చూపాడు.

ఈ రెండు వాదాలలో ఒకటి నిజం, మరొకటి అబద్ధం అని మీరు తేల్చవలసిన పని లేదు. ఊరు వదలడం ఒకరి సొంత నిర్ణయం కావచ్చు. కానీ షరతులన్నీ తెలియకుండా ఇచ్చిన అంగీకారం ఎంతవరకు అంగీకారం? మధ్యలో మనసు మార్చుకునే వీలు లేనప్పుడు ఆ నిర్ణయం విలువ ఎంత? ఓడ కదిలాక ఎవరూ దిగలేరు. ఆవిరి ఓడ ప్రయాణాన్ని 73 రోజుల నుండి 30 రోజులకు తగ్గించింది గాని, ఈ ప్రశ్నను తగ్గించలేదు.

ఈ చర్చ గతానికే పరిమితమైనది కాదు. 1883 చట్టం నాటి 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' పదవి సరిగ్గా వందేళ్ల తరువాత వచ్చిన 1983 వలస చట్టంలోనూ కొనసాగింది. ఆ కార్యాలయం హైదరాబాద్‌లో కూడా ఉంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుల పత్రాలు అలాంటి కార్యాలయాల గుండానే వెళ్తాయి. నేటి గల్ఫ్ కార్మికుడు గిర్మిటియా కాడు, పరిస్థితులు వేరు. అయినా ఏజెంటు మాటకు, చేతిలోని కాగితానికి, చేరినచోట ఎదురయ్యే చట్టానికి మధ్య ఉన్న దూరం మనకు కొత్తది కాదు. మీ కుటుంబంలో గాని, మీ ఊళ్లో గాని అలా వెళ్లి వచ్చినవారుంటే, సంతకం చేసిన కాగితంలో ఏముందని, అక్కడికి వెళ్లాక ఏమి తెలిసిందని అడిగి చూడండి. ఈ యూనిట్‌లో చదివిన విషయం మరింత స్పష్టమవుతుంది.

9.9 సారాంశం

ఫిజీ చెరకు తోటలకు 1879లో మొదలైన ఒప్పంద కూలీల వలసలో 1903 నుండి మద్రాసు రేవు భాగమైంది. అక్కడి నుండి 15,114 మంది ఫిజీ చేరారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఆవిరి ఓడలు ప్రయాణ కాలాన్ని సగటున 73 నుండి 30 రోజులకు తగ్గించి, ప్రాణాపాయాన్ని తగ్గించాయి. అయితే డిపో, సంఖ్య, కట్టుదిట్టమైన అధికారం, నేర శిక్షలు దాచిన ఒప్పందం అలాగే ఉన్నాయి. ఓడపై కుల కట్టుబాట్లు సడలాయి, జహాజీ బంధం ఏర్పడింది. 1916లో చివరి ఓడ చేరింది, 1920లో ఒప్పందాలు రద్దయ్యాయి. ఫిజీలో స్థిరపడిన తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్నారు. మొదటి ఓడ చేరిన మే 14ను ఫిజీ భారతీయులు గిర్మిట్ దినంగా పాటిస్తున్నారు.

9.10 కీలక పదాలు

గిర్మిట్: ఐదేళ్ల కూలి ఒప్పందం. 'అగ్రిమెంట్' అనే పదానికి వాడుక రూపం.
డిపో: ఓడ ఎక్కేముందు, దిగిన తరువాత కూలీలను ఉంచే కేంద్రం.
లస్కర్లు: బ్రిటిష్ ఓడలలో పనిచేసిన భారతీయ నావికులు.
వలస పాసు: కూలీ వివరాలను నమోదు చేసి ప్రొటెక్టర్ సంతకంతో జారీ చేసిన పత్రం.
లైన్లు: తోటలలో కూలీల నివాస గదుల వరుసలు.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఆవిరి ఓడల రాకతో ఒప్పంద కూలీల సముద్రయానంలో వచ్చిన మార్పులను, మారని అంశాలను విశ్లేషించండి.
2. ఒప్పంద వలస బలవంతమా, సొంత నిర్ణయమా? చరిత్రకారుల వాదాలను చర్చించి మీ అభిప్రాయం రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఓడపై కూలీల దినచర్యను వర్ణించండి.
2. వలస పాసును చారిత్రక ఆధారంగా ఎలా ఉపయోగించవచ్చు?
3. ఫిజీ ఒప్పంద కూలీ విధానం రద్దుకు దారితీసిన పరిణామాలను పేర్కొనండి.